కాగితం తెలుగులో ఉంది, అడిగేది ఇంగ్లీషులో
ధ్రువపత్రాలు, అనువాదాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెడుతున్నాడు. వాడి జనన ధ్రువపత్రం పంచాయతీవాళ్లు చేత్తో రాసి ఇచ్చినది, మొత్తం తెలుగులోనే ఉంది. నోటరీతో అనువాదం చేయించాలంటూ ఏజెంటు ఐదు వేలు అడుగుతున్నాడు. నేను ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యాను. నేనే అనువదిస్తే చెల్లదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమెరికాకైతే నోటరీ అక్కర్లేదండి. అక్కడి వలస విభాగం యూఎస్‌సీఐఎస్ నిబంధన అడిగేది పూర్తి ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువాదకుడి హామీ. ఆ హామీలో రెండు సంగతులుండాలి: ఈ అనువాదం పూర్తిగా, కచ్చితంగా ఉంది; తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం నాకుంది. కింద సంతకం, పూర్తి పేరు, చిరునామా, తేదీ. అంతే. హామీ కూడా ఇంగ్లీషులోనే రాయాలి.

తల్లి అనువదించకూడదని అమెరికా నిబంధనలో లేదు. అయినా దరఖాస్తుదారుకి సొంతవాళ్లు కాని ఎవరిచేతనైనా సంతకం పెట్టించడం మేలు. మీరు రాసిపెట్టండి, మీతో పనిచేసిన మరో టీచరు అసలుతో సరిచూసి తన పేరు మీద హామీ ఇస్తే సరిపోతుంది. కెనడా సంగతి వేరు. అక్కడ తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, మేనమామలు, పినతండ్రులు, వాళ్ల పిల్లలు ఎవరు అనువదించినా తీసుకోరు. గుర్తింపు పొందిన అనువాదకుడు కాకపోతే నోటరీ ఎదుట ప్రమాణం చేసిన అఫిడవిట్ కూడా జతచేయాలి. బ్రిటన్‌కి నోటరీ అడగరు గానీ అనువాదకుణ్ణి సంప్రదించే వివరాలు తప్పనిసరి. మన ఏజెంట్లు ఈ మూడు దేశాలనూ ఒకే గాటన కట్టి అందరిచేతా నోటరీ చేయిస్తుంటారు. నోటరీ ముద్ర వేసేది సంతకానికే. అనువాదం సరిగ్గా ఉందో లేదో ఆయన చూడడు, చూడాల్సిన పనీ లేదు.

ఫైలు వెనక్కి వచ్చేది ఎక్కువగా నోటరీ లేక కాదు, అనువాదం అరకొరగా ఉండటం వల్ల. పేరు, తేదీ, ఊరు రాసి వదిలేస్తారు. పత్రం మీదున్న ప్రతి అక్షరమూ అనువాదంలోకి రావాలి: గుండ్రటి సీలులో పంచాయతీ పేరు, రబ్బరు స్టాంపులో హోదా, మార్జిన్‌లో ఎర్రసిరాతో రాసిన సవరణ, వెనకవైపు అచ్చయిన సూచనలు, అన్నీ. సీలు చెరిగిపోయి ఉంటే ఆ చోట చదరపు బ్రాకెట్లో ‘సీలు, చదవడానికి వీలుకాలేదు’ అని ఇంగ్లీషులో రాయండి. ఊహించి నింపొద్దు. అసలు పత్రంలో గడులు ఏ వరసలో ఉన్నాయో అనువాదంలోనూ అదే వరసలో పెట్టండి. చూసే అధికారికి తెలుగు రాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని గడికి గడి పోల్చుకుంటాడు.

పేర్ల స్పెల్లింగు దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ‘లక్ష్మి’ని ఒకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, ఇంకొకరు ఎక్స్‌తో. ‘సునీత’ చివర కొందరు టీ, ఏ అంటారు, కొందరు మధ్యలో హెచ్ పెడతారు. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లోకి దించేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. కానీ తెలుగు పత్రంలో ఇంటిపేరే లేకపోతే అనువాదకుడు చేర్చకూడదు. పాస్‌పోర్టులో తండ్రి పేరు ‘వెంకట సుబ్బారావు’, పత్రంలో ‘సుబ్బారావు’ ఒక్కటే ఉంటే అనువాదంలోనూ ‘సుబ్బారావు’ మాత్రమే. తేడాను సరిదిద్దాల్సింది రిజిస్ట్రారు. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షన్ కింద సవరణ కోరవచ్చు. బిడ్డ పేరే రాయని పత్రాలు పాతవాటిలో చాలా ఉంటాయి. వాటికి 14వ సెక్షన్ ఉంది.

ఇంతకీ అనువాదం దాకా పోకముందే ఒక పని చేయండి. అదే నమోదుకి ఇప్పుడు కొత్త ప్రతి తీసుకుంటే తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ వస్తుందేమో పంచాయతీలోనో మీసేవలోనో అడగండి. వస్తే అనువాదంతో పనే లేదు. తీసుకునేటప్పుడు శీర్షికలే కాకుండా నింపిన వివరాలు కూడా రెండు భాషల్లో ఉన్నాయో లేదో చూడండి. శీర్షికలు రెండు భాషల్లో అచ్చయి, పేర్లు మాత్రం తెలుగులో చేత్తో రాసి ఉన్న పత్రానికి అనువాదం తప్పదు.

ప్రశ్న: అపోస్టిల్ ముందా, అనువాదం ముందా? దుబాయ్ వెళ్లే మా తమ్ముడికి ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెబుతున్నారు.
– నిజామాబాద్

జవాబు: మీ తమ్ముడికి అపోస్టిల్ పనికిరాదు. అపోస్టిల్ అంటే పత్రం మీది సంతకం, సీలు అసలైనవని ప్రభుత్వం వేసే ముద్ర. అది హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే చెల్లుతుంది. మన దేశానికి ఆ ఒప్పందం 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. గల్ఫ్‌లో ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా అందులో ఉన్నాయి. యూఏఈకి మాత్రం మన విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆ తర్వాత వాళ్ల ఎంబసీ అటెస్టేషన్ కావాలి. చేరే దేశాల జాబితా ఏటా పెరుగుతోంది కాబట్టి (చైనాలో 2023లో, కెనడాలో 2024లో అమల్లోకి వచ్చింది) డబ్బు కట్టేముందు ఒకసారి చూసుకోండి.

వరస మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే: ముద్రలు ముందు, అనువాదం చివర. డిగ్రీ పత్రమైతే మొదట రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ. జనన, వివాహ పత్రాలైతే రాష్ట్ర ప్రభుత్వంలో అందుకు నియమించిన శాఖ. ఆ తర్వాత విదేశాంగ శాఖ. అక్కడ ప్రజల దగ్గర్నుంచి నేరుగా కాగితాలు తీసుకోరు, ఆ శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఇవన్నీ పూర్తయ్యాక దుబాయ్‌లో లైసెన్సున్న లీగల్ అనువాదకుడిచేత అరబిక్‌లోకి చేయించుకోవాలి. ముందే ఇక్కడ అరబిక్ చేయించుకుని వెళ్తే వెనక పడిన ముద్రలు అనువాదంలో ఉండవు. అదీగాక అక్కడి లైసెన్సు లేని అనువాదాన్ని వాళ్లు పక్కన పడేస్తారు. రెండుసార్లు డబ్బులు పోసేది ఇలాగే.

ముద్ర పడిందంటే పత్రంలో ఉన్నదంతా నిజమని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. సంతకం పెట్టిన అధికారి, సీలు అసలైనవని మాత్రమే.

ప్రశ్న: మా తాతగారి భూమికి సంబంధించి నిజాం కాలపు ఉర్దూ కాగితాలున్నాయి. ఒకదాని మీద ‘తీర్ 1344 ఫస్లీ’ అని ఉందట. ఉర్దూ తెలిసిన ఒకాయన 1934 అని రాసిచ్చాడు. వకీలు గారు 1935 అంటున్నారు. ఏది సరైనది?
– నల్లగొండ

జవాబు: వకీలు గారిదే సరైనది. ఫస్లీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1344కి 590 కలిపితే 1934. కానీ హైదరాబాద్ సంస్థానంలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. తీర్ ఎనిమిదో నెల, దాదాపు మే నెలకి వస్తుంది. అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది. కాబట్టి జనవరి నుంచి వచ్చే తేదీలకి 591 కలపాలి. లెక్క చూసుకోవడానికి నెలల వరస ఇది: ఆజూర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. కోస్తా జిల్లాల రెవెన్యూ ఫస్లీ జూలై 1న మొదలవుతుంది. దానికి ఈ నెలల లెక్క పెడితే తప్పు వస్తుంది. ఒక్క ఏడాది తేడాతో కౌలు ముందా, పట్టా ముందా అన్న వాదనే తలకిందులైన కేసులున్నాయి.

అసలు ఉర్దూ చదవడం వచ్చిన ప్రతివారూ ఆ కాగితాలు చదవలేరు. రాత గొలుసుకట్టు షికస్తాలో ఉంటుంది. మొత్తాలు చాలాచోట్ల అంకెల్లో కాకుండా సియాఖ్ అనే రఖం గుర్తుల్లో వేసేవారు. పాత రెవెన్యూ లెక్కలు చదివిన అనుభవమున్నవారిని వెతకండి. దొరికాక అనువాదంలో ఈ మూడూ చూసుకోండి.

విస్తీర్ణం: తెలంగాణ కాగితాల్లో ‘3-20’ అంటే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరాకి 40 గుంటలు, గుంటకి 121 చదరపు గజాలు. ఆంధ్ర అలవాటున్న అనువాదకుడు దాన్నే 3 ఎకరాల 20 సెంట్లు చేస్తే 12 గుంటలు, అంటే 1452 గజాలు గాల్లో కలిసిపోతాయి. అనువాదంలో ‘3-20’ అలాగే ఉంచి, పక్కన ఎకరాలు, గుంటలు అని విడమరచి రాయించండి.

హోదాలు: పట్టాదారు, కాబిజ్, షిక్మీదార్ అన్నవాటిని ‘యజమాని’, ‘కౌలుదారు’ అంటూ మార్చకూడదు. కాబిజ్ అంటే స్వాధీనంలో ఉన్నవాడు, అతను యజమాని కావచ్చు, కాకపోవచ్చు. మాట అలాగే ఉంచి అడుగున వివరణ ఇవ్వాలి. సేత్వార్, ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ వంటి రికార్డుల పేర్లకీ ఇదే పద్ధతి.

సర్వే నంబర్లు: పాతదా, కొత్తదా అన్నది రాయాలి. కాగితంలో ‘సాబిఖ్’, ‘హాల్’ అని రెండు నిలువు వరసలుంటాయి. మొదటిది పాతది, రెండోది అప్పటికి కొత్తది.

చివరగా, ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాన్ని అనువదించి కోర్టుకి తీసుకెళ్లడం కన్నా, అదే రికార్డుకి సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాన్ని అనువదించడం గట్టి దారి. ముందు తహసీల్దారు కార్యాలయం, కలెక్టరేట్ రికార్డు గది చూడండి. అక్కడ లేకపోతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖనాగారం. హైకోర్టులో దాఖలు చేయాలంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం అక్కడి కార్యకలాపాలు ఇంగ్లీషులో సాగుతాయి.

ప్రశ్న: బెంగళూరులో కన్నడంలో రాయించిన పత్రాన్ని మన సబ్‌రిజిస్ట్రారు తీసుకోనన్నారు. ఆయనకి ఆ అధికారం ఉందా?
– హిందూపురం

జవాబు: ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 19వ సెక్షన్ ప్రకారం అధికారికి అర్థం కాని, ఆ జిల్లాలో సాధారణంగా వాడని భాషలో ఉన్న పత్రాన్ని ఆయన తిరస్కరించాలి. అయితే జిల్లాలో వాడే భాషలోకి నిజమైన అనువాదం, పత్రానికి నిజ నకలు ఈ రెండూ జతచేస్తే తీసుకోవాలి. సాధారణంగా అనువాదం ఒక్కటే పట్టుకెళ్తారు. నకలు మరవొద్దు. మీ హిందూపురం ప్రాంతంలో కన్నడం వాడుకలోనే ఉంది కాబట్టి, ‘సాధారణంగా వాడని భాష’ అన్నది మీకు వర్తించదని వాదించవచ్చు. కానీ దానికోసం రోజులు గడిపేకన్నా అనువాదం పెట్టేయడమే సుఖం.

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా వీధిలో సగం మంది తెలుగువాళ్లమే. తాగునీటి సమస్యపై తెలుగులో అర్జీ ఇస్తే కార్యాలయంలో ‘ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసుకు రండి’ అన్నారు. ఆర్టీఐ దరఖాస్తు కూడా తెలుగులో పెట్టవచ్చా?
– రాయగడ పాఠకుడు

జవాబు: ఈ రెండింటికీ రెండు వేర్వేరు జవాబులు.

అర్జీ తెలుగులో ఇవ్వొచ్చు. కష్టం తీర్చమని ఏ అధికారికైనా, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇస్తోంది. అది ‘అధికార భాష’ అనలేదు, ‘వాడుకలో ఉన్న భాషలు’ అంది. రాయగడలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. అర్జీ పైభాగంలోనే ‘350వ అధికరణ ప్రకారం తెలుగులో సమర్పిస్తున్నాను’ అని ఒక ఒడియా వాక్యం రాసి, రశీదు ముద్ర వేయించుకోండి. కౌంటరులో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని మాత్రం ఆ అధికరణ చెప్పడం లేదు.

ఆర్టీఐకి ఆ వెసులుబాటు లేదు. చట్టం 6(1) సెక్షన్‌లో ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష అని స్పష్టంగా ఉంది. రాయగడలో అది ఒడియా. తెలుగులో పెడితే తిరస్కరించినా మీరు గట్టిగా అడగలేరు. రాయలేనివారికి రాసిపెట్టే బాధ్యత మాత్రం సమాచార అధికారిదే. నోటితో చెప్పి రాయించుకోవచ్చు.

ఇక నోటీసులు, నిబంధనలు మీ భాషలో రావడం గురించి. జిల్లాలో గానీ, పురపాలక సంఘంలో గానీ, తహసీలులో గానీ భాషాపరమైన అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలను వాళ్ల భాషలో కూడా ఇవ్వాలని 1956 నాటి కేంద్ర మెమొరాండం, 1961 నాటి ముఖ్యమంత్రుల సదస్సు ఒప్పుకున్నాయి. అయితే అది ప్రభుత్వాల మధ్య కుదిరిన అంగీకారమే, చట్టం కాదు. కోర్టుకెళ్లి ఒత్తిడి చేయడం కష్టం. 350–బి కింద నియమించే భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనర్‌కి మీ మునిసిపాలిటీ జనగణన భాషా లెక్కలు జతచేసి రాయడమే ఉన్న దారి. లెక్కలు లేకుండా ‘మేం చాలామందిమి’ అని రాసిన ఉత్తరాలు అక్కడే ఆగిపోతాయి. యానాంవాళ్లకి ఈ బాధ లేదు. పుదుచ్చేరి అధికార భాషల చట్టం, 1965లోనే అక్కడ తెలుగుకి చోటిచ్చారు.

ప్రశ్న: నేను మునిసిపాలిటీలో పనిచేస్తాను. ఆస్తిపన్ను నోటీసులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో అచ్చు వేయమన్నారు. కిందటిసారి ఉర్దూ ప్రతిలో ఇంటి నంబర్లన్నీ తిరగబడ్డాయని గొడవైంది. ఎక్కడ తప్పు జరుగుతుంది?
– తెలంగాణ ఉద్యోగి

జవాబు: తెలంగాణలో 2017 సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. కాబట్టి ఈ పని ఇక మీకు తప్పదు. పద్ధతిగా పెట్టుకోండి.

ముందు నంబర్ల గొడవ. ఉర్దూ కుడి నుంచి ఎడమకి, అంకెలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. వరసగా ఉన్న అంకెల్ని కంప్యూటరు సరిగ్గానే చూపిస్తుంది. చిక్కు అడ్డగీతతో వస్తుంది. ఉర్దూ మాట తర్వాత ‘4-7-18’ అని కొడితే ఆ అడ్డగీతలు ఉర్దూ దిక్కులోకి తిరిగి ‘18-7-4’ అని కనిపిస్తుంది. కొట్టినవాడు సరిగ్గానే కొట్టాడు, తెర మీద తప్పు కనిపిస్తుంది. మన ఇంటి నంబర్లన్నీ అడ్డగీతలతోనే ఉంటాయి కాబట్టి నోటీసు నోటీసుకీ ఇదే. 05-06-2025 లాంటి తేదీలకీ ఇదే గతి. మందు సులువు: అంకె మొదలయ్యే ముందు ‘లెఫ్ట్ టు రైట్ మార్క్’ అనే కనిపించని గుర్తు (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర సంకేతమైన యూనికోడ్‌లో 200ఈ) పెట్టాలి. వందల నోటీసులు ఎక్సెల్ జాబితా నుంచి అచ్చవుతుంటే ఆ నిలువు వరసలోని ప్రతి నంబరుకీ ముందు ఆ గుర్తు ఒకేసారి చేర్చేయొచ్చు.

రెండోది ఫాంట్లు. మన డీటీపీ సెంటర్లలో తెలుగు ఇంకా అను ఫాంట్లలో, ఉర్దూ ఇన్‌పేజ్‌లో కొడుతున్నారు. అచ్చుకి బాగానే ఉంటుంది. అను ఫాంట్ల లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు కాబట్టి అదే వెబ్‌సైట్లో పెడితే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారుతుంది. చూపులేనివారి ఫోను దాన్ని చదవలేదు, వెతికితే దొరకదు. పాత ఇన్‌పేజ్ ఫైళ్లకీ ఇదే జబ్బు. యూనికోడ్‌లోనే ఇమ్మని వర్క్ ఆర్డరులోనే రాయండి. పాత ఫైళ్లను కన్వర్టరుతో మారిస్తే మళ్లీ ప్రూఫు చదవాలి. ఒత్తులు తారుమారవుతాయి. పొల్లు దగ్గర విడిగా నిలవాల్సిన అక్షరాలు కలిసిపోయి ‘హెడ్‌మాస్టర్’ కాస్తా ‘హెడ్మాస్టర్’ అవుతుంది.

మూడోది జాగా. ఇంగ్లీషు నమూనాలో వరసల మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుగుకీ అంతే ఇస్తే ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కుతాయి. నస్తలీఖ్ అనే వాలురాతలో ఉండే ఉర్దూకి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. పేరుకి గడికో అక్షరం చొప్పున గడులు గీసే పద్ధతి తెలుగుకీ ఉర్దూకీ పనికిరాదు. ‘స్త్ర్య’ ఒక గడా, నాలుగు గడులా? గీత చాలు.

ఇక పాఠం సంగతి. ఒక భాషలో ముసాయిదా ఖరారై సంతకమయ్యేదాకా అనువాదానికి ఇవ్వొద్దు. చివరి నిమిషంలో గడువు తేదీ తెలుగులో మారుతుంది, ఉర్దూలో పాతదే ఉండిపోతుంది. ఎక్కువ గొడవలు ఇక్కడే. మూడు ప్రతుల్లోనూ పేరాలకి ఒకే అంకెలు వేయండి. తేదీలు, మొత్తాలు, సెక్షన్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రమే ఉన్న జాబితా ఒకటి తయారుచేసి, అనువాదంతో సంబంధం లేని వ్యక్తితో మూడు ప్రతుల్లోనూ టిక్కు పెట్టించండి. దానికి భాష రావాల్సిన పనిలేదు. ఉర్దూ ప్రతిని మరొకరిచేత గట్టిగా చదివిస్తూ, తెలుగులో అర్థం చెప్పమని అడగండి. ‘లోగా చెల్లించాలి’ అన్నది ‘తర్వాత చెల్లించవచ్చు’ అయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. యంత్రానువాదం ముసాయిదాకి సాయపడుతుంది గానీ, సరిగ్గా ఇలాంటి చోట్లే జారుతుంది. తేడా వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందో మూడింట్లోనూ ఒక వరస రాయండి. ఆ వరస లేని నోటీసుతో వివాదం వస్తే ఇంటి యజమాని తనకి లాభమైన ప్రతినే పట్టుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు.

ఉర్దూని వెనకవైపు చిన్న అక్షరాల్లో వేసి పని అయిందనిపించుకోవద్దు. అచ్చుకి వెళ్లేది పీడీఎఫ్ కాబట్టి సరిచూసేదీ పీడీఎఫ్‌నే. వర్డ్ ఫైలులో సరిగ్గా కనిపించినది పీడీఎఫ్‌లో తిరగబడొచ్చు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను, ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. తెలుగులో బ్యాలెట్ ఇస్తారని విన్నాను, నిజమేనా?
– సాంటా క్లారా కౌంటీ

జవాబు: నిజమే, కానీ మీరు అనుకున్నట్టు కాదు. ఓటు వేయడానికి మొత్తం బ్యాలెట్టే వేరే భాషలో ఇవ్వడం ఫెడరల్ ఓటింగ్ హక్కుల చట్టం 203వ సెక్షన్ పరిధిలోకి వచ్చే భాషలకి. మీ కౌంటీలో తెలుగుకి వర్తించేది రాష్ట్ర చట్టం: ఒక పోలింగ్ ప్రాంతంలో ఓటు వయసు వచ్చినవాళ్లలో 3 శాతం మంది ఒకే భాషా వర్గంవారై, ఇంగ్లీషుతో ఇబ్బంది పడుతుంటే అక్కడ ఆ భాషలో బ్యాలెట్ నకలు ఉంచాలి. పోలింగ్ కేంద్రంలో సిబ్బందిని అడిగి తీసుకోవచ్చు. పోస్టులో ఓటు వేసేవారు కౌంటీ ఎన్నికల కార్యాలయానికి ముందుగా చెప్పి తెప్పించుకోవచ్చు. అది చూసి అర్థం చేసుకోవడానికి మాత్రమే. గుర్తు పెట్టాల్సింది అసలు బ్యాలెట్ మీద. తెలుగు నకలు మీద గుర్తు పెట్టి కవర్లో పంపితే దాన్ని ఓటుగా లెక్కించరు.